మేలు చేశావని అనకూడదు

పోయిన వారం కథలో విల్మట్‌ను చర్చి గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే ఉంది. లోపల బిషప్పుగారి కోర్టు కూర్చుంది. లోపలికి అడుగు వెయ్యడానికి ఆమెకు కాళ్ళు రావడం లేదు. ఎలా వస్తాయి? ఆ కోర్టు ఎక్సెటర్ పట్నం నుంచి ఇంత దూరం, కూంబ్‌లీ లాంటి మారుమూల ఊరికి రావడానికి కారణం ఆమె నోరే.

జులైలో గడ్డికోతలప్పుడు ఆమె మొగుడు డెగరీ తొడలో పొడుగు కొడవలి దిగబడింది. గుడ్డలు కట్టారు, మట్టి అద్దారు, నెత్తురు ఆగలేదు. విల్మట్ పొలాలకు అడ్డంపడి ఎంబ్లినవ్వ ఇంటికి పరుగెత్తింది. అవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుచుకుంటోంది. విల్మట్‌కు ఆయాసంలో మొగుడి పేరు తప్ప ఇంకేమీ నోట రాలేదు. అవ్వకు అదే చాలు. పెదవులు కాసేపు కదిలాయి. "ఇక పోవే, ఆగింది" అని మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. విల్మట్ పొలానికి తిరిగి వెళ్ళేసరికి నిజంగానే ఆగింది.

ఇంతవరకు కూంబ్‌లీలో వింతేమీ లేదు. అవ్వ దగ్గర నెత్తురు కట్టే మాటలున్నాయని ఊరంతటికీ తెలుసు. అందుకు ఆవిడకు ఏమీ ఇవ్వకూడదని తెలుసు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆవిడ దగ్గరికి పోయి "మేలు చేశావు" అని అనకూడదని తెలుసు. అన్నారా, ఆవిడ నోట్లో ఆ మాటల సత్తువ పోతుంది. అందుకని బతికినవాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, వాళ్ళ తల్లులు గట్టిగా నోరు నొక్కుకుని ఇంటికి పోయేవాళ్ళు. నలభై ఏళ్ళుగా అదే పద్ధతి.

మన విల్మట్ మాత్రం, ఆ మరుసటి ఆదివారం పాదిరిగారు "డెగరీ బతికినందుకు స్తోత్రం చెప్పమ్మా" అంటే నిండు చర్చిలో లేచి నిలబడి, "దేవుడికీ, మా ఎంబ్లినవ్వకీ!" అనేసింది. సంతోషం పట్టలేక అనేసింది. అదృష్టవశాత్తూ అవ్వ ఆ రోజు కీళ్ళనొప్పులతో ఇంట్లోనే ఉంది. దురదృష్టవశాత్తూ చర్చి పెద్ద బార్నబీ లిడ్‌స్టన్ ముందు బల్ల మీద ఉన్నాడు. ఆయన ఆ రాత్రే ఎక్సెటర్‌కు కాగితం రాశాడు. విధవరాలు ఎంబ్లిన్ మంత్రాలు వేస్తుందని అందులో ఉంది.

అదీ సంగతి. విల్మట్ ఎలాగో ధైర్యం తెచ్చుకుని లోపలికి వచ్చి వెనక స్తంభం పక్కన నిలబడింది. మనమూ ఆమె పక్కనే నిలబడదాం.

ఉత్తరం కిటికీల కింద ఎత్తు మెట్టు మీద బల్ల వేసి ఆకుపచ్చ గుడ్డ పరిచారు. దాని వెనక న్యాయాధికారి హోల్వే దొర కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. ఆగస్టు నెలలో జలుబు చేసి మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. పక్కన రాతగాడు కలం చెక్కుకుంటున్నాడు. ఎదురుగా ఎంబ్లినవ్వ కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఆ బల్ల అంచు ఆవిడ గడ్డం దాకా వస్తోంది. అంత పొట్టి మనిషి.

"నువ్వు మంత్రాలు వేస్తావా?" అని అడిగాడు హోల్వే దొర.

"నాకు మంత్రాలెక్కడొచ్చు దొరా! నాలుగు మాటలొచ్చు."

"ఆ మాటలతో నెత్తురు ఆపుతావు."

"నేనెవర్తిని ఆపడానికి? దేవుడు ఆపుతాడు. నేను అడుగుతాను, అంతే."

"ఎవరు నేర్పారు?"

"మా మేనమామ. గొర్రెలు కాసేవాడు. ఈ మాటలు మగవాడు ఆడదానికి చెప్పాలి, ఆడది మగవాడికి చెప్పాలి. అదీ బతుకులో ఒక్కరికే. చెప్పేశాక చెప్పినవాళ్ళ నోట్లో అవి పలకవు. మా మామ నాకు చెప్పిన మర్నాడే గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తూ వేలు కోసుకున్నాడు. ఏడ్చుకుంటూ నా దగ్గరికే వచ్చాడు."

జనం నవ్వారు. దొర నవ్వలేదు. కాకపోతే ముక్కు తుడుచుకోవడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

"సరే. నీ మాటలు మంచివేనని నువ్వు ఈ బైబిలు పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చెయ్యాలి. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదని నిన్నెరిగిన ఆడవాళ్ళు నీతోపాటు ప్రమాణం చెయ్యాలి. ఆరుగురు కావాలి. అయిదుగురైతే కుదరదు."

ముందుగా మంత్రసాని థామసీన్ లేచింది. ఆమె లేవడమంటే మామూలు విషయం కాదు, బల్ల మీద ఉన్న ఇద్దరు జరగాలి. తర్వాత పిండిమిల్లు ఉర్సులా, ఎగువ కమతం అక్కచెల్లెళ్ళిద్దరూ, నూలు వడికే సిడ్వెల్ లేచారు. అయిదుగురయ్యారు. విల్మట్ స్తంభం పక్కనుంచి దాదాపు పరుగెత్తుకుంటూ ముందుకు వచ్చింది. చేసిన తప్పు దిద్దుకోవడానికి దేవుడే తన కోసం ఆ ఆరో చోటు ఖాళీగా ఉంచాడనుకుంది.

"ఈవిడ కుదరదు దొరగారూ!" అన్నాడు బార్నబీ. "ఈవిడ నోటితోనే కదా ఈ వ్యవహారం బయటపడింది."

హోల్వే దొర కాగితం చూశాడు. "అవును. నువ్వు సాక్షివి. సాక్షి ఈ ఆరుగురిలో చేరకూడదు. వెళ్ళి నీ చోట నిలబడు."

విల్మట్ మళ్ళీ స్తంభం దగ్గరికి నడిచింది. మొగుణ్ణి బతికించిన మనిషిని కోర్టుకీడ్చింది తానే, ఇప్పుడు కనీసం పక్కన నిలబడే యోగ్యత కూడా లేనిది తానే. ఏడవకూడదనుకుంది. ఏడ్చింది.

ఆరో మనిషి కోసం దొర చర్చంతా కలయజూశాడు. ఆడవాళ్ళు చాలామంది బూట్ల వంక చూసుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. ఆ ఊళ్ళో కోతల పని సగం బార్నబీ పొలాల్లోనే దొరుకుతుంది. ఆయన ఒక్కొక్కరి మొహమూ చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు ఆయన పక్కనుంచే ఆయన భార్య డ్యూనిస్ లేచింది.

"కూర్చో" అన్నాడు బార్నబీ గొంతు తగ్గించి.

"ఇప్పుడు కూర్చుంటే మళ్ళీ లేవలేను. నిలబడే చెప్తాను" అంది డ్యూనిస్. "ఆరో మనిషిగా నన్ను రాసుకోండి దొరా."

"నీకేం తెలుసే ఆ ముసలిదాని సంగతి?"

"మన పెద్దది పుట్టినప్పుడు నువ్వు టావిస్టాక్ సంతలో ఉన్నావు. పిల్ల బయటికొచ్చింది, నెత్తురు ఆగలేదు. ఇదిగో, ఈ థామసీన్ చేతులు మోచేతుల దాకా ఎర్రగా అయిపోయాయి. ఇక లాభం లేదని మొహం మీదికి దుప్పటి లాగబోయింది. మా అమ్మ చెప్పుల్లేకుండా అవ్వ ఇంటికి పరుగెత్తింది. పదకొండేళ్ళయింది. చూసుకో, ఇంకా ఉన్నాను."

"పదకొండేళ్ళా! నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఆవిడ ఇంటికి పోయి, కాళ్ళ మీద పడి, మేలు చేశావని అనేస్తావని భయపడ్డాను." డ్యూనిస్ మొగుడి మొహంలోకి చూసింది. "అప్పట్లో నువ్వు అలాంటివాడివే. ఇప్పుడైతే ఆ భయం లేదనుకో."

బార్నబీ మొహం కందగడ్డలా అయింది. ఏదో ఒకటి అనకపోతే బాగుండదని, "నా ఇంట్లో ఇలాంటి దయ్యాల పనులు ఎన్నడూ జరగలేదు!" అని అరిచాడు.

థామసీన్ ఊరుకునే రకం కాదు. "అయితే మీ గుర్రాల కొట్టంలో ఆ చిల్లురాయి ఎవరు వేలాడగట్టారు నాయనా? దయ్యాలు గుర్రాలెక్కి తోలకుండా ఉండాలనేగా? మీ వెన్న చిలికే కుండకు ఎర్ర దారం ఎందుకుందో?"

"అది... ఆ రాయి మా నాన్న కట్టాడు."

"విప్పనైతే విప్పలేదుగా!"

ఈసారి నవ్వు కిటికీ అద్దాలకు తగిలింది. బార్నబీ టోపీ విసురుగా నెత్తిన పెట్టుకున్నాడు. "కోతలు సగంలో ఉన్నాయి. ఈ ఆడంగుల కచేరీలో కూర్చునే తీరిక నాకు లేదు" అని బల్లల మధ్య నుంచి గబగబా నడిచి వెళ్ళిపోయాడు. తలుపు దడాలున మూసుకుంది. డ్యూనిస్ ఆ తలుపు వంక కాసేపు చూసి, వెళ్ళి సిడ్వెల్ పక్కన ఆరో మనిషిగా నిలబడింది.

విల్మట్ ఊపిరి పీల్చుకుంది. ఆరుగురు కుదిరారు, ఇక గండం గడిచిందనుకుంది. ఎక్సెటర్‌లో చదువుకున్న బుర్ర ఎలా పనిచేస్తుందో ఆమెకేం తెలుసు!

"ఆరుగురున్నారు, బాగుంది" అన్నాడు హోల్వే దొర. "మీలో ఆ మాటలు విన్నవాళ్ళెవరు?"

ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ వినలేదు. వినకూడదు.

"విననివి మంచివని ఎలా ప్రమాణం చేస్తారమ్మా?"

"మేం బతికున్నాం కదా దొరా, ఇంకేం వినాలి?" అంది ఉర్సులా.

"ఆత్మను పుచ్చుకోవడానికి సైతాను కూడా ఒంటిని బతికిస్తాడు. అందుకని ఆ మాటలు నేను వినాలి." దొర కలం కింద పెట్టించి అవ్వ వైపు వంగాడు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే విల్మట్‌కు ఎక్కువ భయం వేసింది. "నువ్వు చెప్పకపోతే అవి చెడ్డవనే నేను రాయాలి. అప్పుడు తప్పు నీ ఒక్కదానిదే కాదు. నీ దగ్గరికి వచ్చినవాళ్ళంతా దోషులే. ఈ డ్యూనిస్, ఆ వెనక ఏడుస్తున్న ఆవిడ, ఆవిడ మొగుడు, ఇంకా ఎంతమందో. అందరూ తెల్ల దుప్పటి కప్పుకుని మూడు ఆదివారాలు ఈ గుమ్మంలో నిలబడి ఊరి ముందు తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్ళకు వెలి."

వెలి అంటే ఏమిటో అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పలకరించేవాళ్ళుండరు, అవ్వ కోడిగుడ్లు కొనేవాళ్ళుండరు. చస్తే చర్చి దొడ్లో ఇంత మట్టి కూడా దొరకదు.

థామసీన్ పెదవులు కదలకుండా, "పరలోక ప్రార్థన గబగబా గొణిగెయ్, ఆయనకేం తెలుస్తుంది?" అంది.

"పుస్తకం మీద చెయ్యి వేసి అబద్ధమాడమంటావా, ఈ వయసులో?" అని కసిరింది అవ్వ.

అవ్వ ఆ మాటలు చెప్పడానికి ఎందుకు వెనకాడుతోందో ఆ చర్చిలో విల్మట్ ఒక్కదానికే తెలుసు. పోయిన శనివారం క్షమించమని అడగడానికి వెళ్ళినప్పుడు అవ్వ చెప్పింది. "నాకు డెబ్భై దాటాయే. కోతలయ్యాక మీ ఆయన్ని ఒకసారి పంపు. వాడికి ఓపికుంది, ఒకరింటి సంగతి ఇంకొకరింట్లో చెప్పడు. ఆ మాటలు వాడికిచ్చి పోతాను. ఈ ఊళ్ళోనే ఉంటాయి." విల్మట్ ఆ సంగతి ఇంకా డెగరీకి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆ మాటలు ఈ బల్ల ముందు పోతే ఊరికి ఇక లేనట్టే. కొడవళ్ళూ గొడ్డళ్ళూ కాన్పులూ మాత్రం ఎక్కడికీ పోవు.

"చెప్పొద్దవ్వా!" విల్మట్ వెనకనుంచి అరిచింది. "నేను కప్పుకుంటాను దుప్పటి. మూడు కాదు, ముప్పై ఆదివారాలు నిలబడతాను."

అవ్వ వెనక్కి తిరిగింది. "నువ్వు నిలబడతావే తల్లీ, నాకు తెలీదా? డెగరీ నిలబడతాడా ఆ కాలితో, ఈ రాళ్ళ మీద? పదకొండేళ్ళు గుట్టుగా ఉన్న డ్యూనిస్ ఎందుకు నిలబడాలి? మిమ్మల్ని నిలబెట్టడానికా నేను ఇన్నాళ్ళూ మిమ్మల్ని బతికించింది?"

ఆవిడ మళ్ళీ దొర వైపు తిరిగింది.

"అందరి ముందూ చెప్తే అవి గాలికి పోతాయి, ఎవరికీ పనికిరావు. ఒక్క మగవాడికి చెప్తే ఆయనవైపోతాయి. వింటానంటే మీకే ఇస్తాను దొరా. కానీ బాగా ఆలోచించుకోండి. ఇవాళ్టి నుంచి ఎవరి వేలు తెగినా మీ పేరే చెప్పుకుంటారు. ముద్ద నోట్లో ఉన్నా సరే, అడిగితే పలకాలి. గిట్టనివాడి కోసమైనా పలకాలి. ఒక్క గుడ్డు కూడా పుచ్చుకోకూడదు. పైగా ఒక్కడు కూడా మీరు మేలు చేశారని అనడు. అది మాత్రం మొదట్లో కొంచెం కష్టంగా ఉంటుంది."

ముందు రాతగాడు కిసుక్కున నవ్వాడు, తర్వాత చర్చంతా నవ్వింది. హోల్వే దొర మాత్రం అవ్వనే చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచి పుస్తకాల్లో బతికిన ఆ మనిషికి, ఆవిడ చెప్పిన చివరి ముక్క ఎక్కడో తగిలినట్టుంది.

"ఇలా వచ్చి చెవిలో చెప్పు" అన్నాడు.

అవ్వ పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేసింది. బల్ల చుట్టూ నడిచి వెళ్ళింది. దొర ఒంగాడు. ఆవిడ మడమలెత్తి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది. ఎంతోసేపు పట్టలేదు. కుండలో పాలు ఒంపినంతసేపు పట్టిందేమో. విల్మట్ కళ్ళు మూసుకుంది. అంత దూరం నుంచి ఏమీ వినపడదని తెలుసు, అయినా మూసుకుంది.

తెరిచేసరికి అవ్వ కర్ర వదిలేసి బల్ల కాళ్ళ దగ్గర మెట్టు మీద కూలబడి ఉంది. "అయిపోయింది" అంది, ఎవరితోనో కాదు, తనతోనే.

హోల్వే దొర చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. "ఇందులో సైతాను పేరు లేదు" అన్నాడు చివరికి. "ప్రభువు పేరుంది, పారుతూ పారుతూ ఆగిన యొర్దాను నది ఉంది. పాతకాలపు వాసన ఉంది, పాపం లేదు. విధవరాలు ఎంబ్లిన్‌ను హెచ్చరించి వదిలేస్తున్నాను. ఆమె దగ్గరికి వెళ్ళినవాళ్ళ మీద ఏ దోషమూ లేదు. ఇక ముందు వాటిని పలకకు."

"పలికినా పనిచెయ్యవు దొరా. ఇప్పుడవి మీవి."

విల్మట్ అవ్వను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. చర్చి వాకిట్లో ఎండ బాగా కాస్తోంది. అవ్వను గోడ వారన రాతి బల్ల మీద కూర్చోబెట్టింది. అవ్వ ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటి వంకే చూస్తోంది. గెలిచి వచ్చిన మనిషిలా లేదు. క్షమించమందామా? అది శనివారమే అంది. ఆమె గొంతులో ఇంకో మాట ఎప్పటి నుంచో అడ్డం పడి ఉంది. అది అనడానికి వీల్లేదు కదా అనుకుంది. ఉన్నట్టుండి ఆమెకు ఒక సంగతి తట్టింది.

"అవ్వా, ఆ మాటలు నీ దగ్గర ఇక లేవు కదూ?"

"లేవే. ఇప్పుడు నువ్వు కూడా దెప్పాలా?"

"లేనప్పుడు చెడిపోయేదేముంది?"

అవ్వకు అర్థం కాలేదు. విల్మట్ ఆవిడ ముందు నేల మీద కూర్చుంది. ఆ ముడతల చేతులు రెండూ పట్టుకుంది.

"మేలు చేశావవ్వా" అంది. "నా డెగరీని నాకు ఉంచావు. పొద్దున్న లేస్తే పక్కన గురక వినిపిస్తుంది. విసుక్కుంటాను. విసుక్కున్నాక నువ్వు గుర్తొస్తావు. నీ మేలు చచ్చేదాకా మరిచిపోను."

అవ్వ చేతులు వెనక్కి లాక్కోబోయింది. అలవాటు అటువంటిది, ఆ మాట వినడం ఆవిడకు నలభై ఏళ్ళలో అదే మొదటిసారి. "అనకూడదే... అనకూడదు" అంటూనే ఆగిపోయింది. ఇప్పుడు అనవచ్చు.

ఆ మాట గుమ్మంలో ఉన్న థామసీన్ వింది. థామసీన్ వింటే ఊరు విన్నట్టే. క్షణంలో వాకిలి నిండిపోయింది. ఉర్సులా వచ్చింది. "మా ఆయన బొటనవేలు మిల్లు పళ్ళలో పడ్డ రోజు, అవ్వా. మేలు చేశావు." సిడ్వెల్ వచ్చింది. "మా వాడు సముద్రం మీద ఉన్నాడంటే నీ వల్లే. ఎనిమిదేళ్ళప్పుడు గొడ్డలి కాలి మీద పడింది, గుర్తుందా? మేలు చేశావు తల్లీ." ముసలి వడ్రంగి ఒకాయన టోపీ తీసి చేత్తో నలుపుకుంటూ నిలబడ్డాడు. పెళ్ళినాడు ముక్కులోంచి నెత్తురు కారి ఆగకపోతే అవ్వ ఆపిందట. పెళ్ళాం పోయి పదేళ్ళయింది, ఆ పెళ్ళి మాత్రం అవ్వ పుణ్యమేనట. అంతవరకు చెప్పి ఏడ్చాడు. డ్యూనిస్ పదకొండేళ్ళ కూతుర్ని ముందుకు నెట్టింది. ఆ పిల్ల అవ్వ చెయ్యి ముద్దు పెట్టుకుని పారిపోయింది.

ఒకటా రెండా, నలభై ఏళ్ళ బాకీ. అందరూ ఒక్కసారే తీర్చుకోవాలని చూస్తే అవ్వ ఉక్కిరిబిక్కిరైపోయింది. దొంగచాటుగా చేసినవి కూడా బయటపడ్డాయి. ఏటా చలికాలం ముందు ఆవిడ గోడ పక్కన పొయ్యిలో వేసే ఎండు మట్టిపెళ్ళల వంటచెరకు ఎవరు పేరుస్తున్నారో, గాలివానకు లేచిపోయిన పూరికప్పు ఎవరు నేశారో, కిటికీలో మీగడ గిన్నె ఎవరు పెట్టిపోతున్నారో అన్నీ చెప్పారు. నోటితో అనలేనివాళ్ళు చేత్తో చేశారన్నమాట.

"మీరా!" అంది అవ్వ నోరు తెరిచి. "ఆ వంటచెరకు మా ఆయన ఆత్మ వచ్చి పేరుస్తోందనుకున్నానే! బతికుండగా ఒక్క పుల్ల విరిచింది లేదు, చచ్చాకైనా బుద్ధి వచ్చిందని ఎంత సంబరపడ్డానో!"

వాకిలంతా పగలబడి నవ్వింది. అవ్వ కూడా నవ్వింది, ఆ నవ్వులోనే శాలువా అంచు కళ్ళకద్దుకుంది. "ఈ ఊరివాళ్ళకు గుర్తుండదేమో అనుకునేదాన్ని అప్పుడప్పుడు. పద్ధతి అది కదా అని సర్దుకునేదాన్ని. మీకు గుర్తుంది. చాలు నాకు. ఇక చాలమ్మా, చాలు." విల్మట్‌కు గుండె నిండిపోయింది. ఏ నోరు జారి అవ్వను వీధిలో నిలబెట్టిందో, ఆ నోటితోనే ఇన్ని నోళ్ళు తెరిపించినందుకు దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

హోల్వే దొర బయటికి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆయన గుర్రాన్ని గోడ దగ్గరికి తెచ్చి పట్టుకున్నారు. ఆయన ఒక కాలు రికాబులో పెట్టాడు.

అప్పుడే ఎగువ సందులోంచి బార్నబీ పొలాల కోత మేస్త్రి పాస్కో పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా ముందంతా ఎర్రగా ఉంది.

"అమ్మగారూ! అయ్యగారు... కోపంగా వచ్చారు. ఎవరి చేతిలోదో కొడవలి లాక్కున్నారు. చూసుకోకుండా అడ్డదిడ్డంగా కోశారు. మణికట్టు... లోపలి వైపు... ఎంత కట్టినా ఆగట్లేదమ్మా, చిమ్ముతోంది!"

డ్యూనిస్ అవ్వ వైపు తిరిగింది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా తిరిగారు. తిరక్కుండా ఎలా ఉంటారు, నలభై ఏళ్ళుగా తిరిగిన వైపే కదా! అవ్వ పెదవులు కదిలాయి. మొదటినుంచి చివరిదాకా కదిలాయి. తర్వాత ఆవిడ తల అడ్డంగా ఆడించింది.

"అన్నీ గుర్తున్నాయే అమ్మా. ఉత్త మాటల్లా ఉన్నాయి. నోట్లో బరువు లేదు."

ఒకరి తర్వాత ఒకరు, అందరి తలలూ గుర్రం వైపు తిరిగాయి.

హోల్వే దొర కాలు రికాబులోనే ఉండిపోయింది. "నేను కోర్టు అధికారిని" అన్నాడు. "వైద్యుణ్ణి పిలిపించండి."

"వైద్యుడు టావిస్టాక్‌లో ఉంటాడు దొరా" అంది థామసీన్. "పొద్దుగూకేలోగా రాడు. ఈయన అంతసేపు ఉండడు."

"అవి పలకకూడదని ఇందాకే నేను తీర్పు..."

"ఆవిణ్ణి పలకొద్దన్నారు. మీరు పలకకూడదని అనలేదు కదా!" విల్మట్ వెళ్ళి గుర్రం కళ్ళెం పట్టుకుంది. తానేం చేస్తోందో తనకే తెలియలేదు. "అవ్వ మీద కాగితం రాసింది ఆ మనిషే. మా అందరికీ దుప్పట్లు కప్పించేవాడే. అయినా బతకాలి దొరా. వాళ్ళకు నలుగురు పిల్లలున్నారు. మీకు ఇచ్చిందిప్పుడే, మీ దగ్గర తాజాగా ఉంటాయి."

డ్యూనిస్ రికాబు దగ్గర మోకాళ్ళ మీద పడింది. "బార్నబీ, అయ్యా. బాప్తిస్మంలో పెట్టిన పేరు బార్నబీ."

దొర అవ్వ వంక చూశాడు. అవ్వ బతిమాలలేదు. తన చేతిలోంచి జారినది ఎదుటివాడు పట్టుకుంటాడో లేదో అన్నట్టు చూస్తూ కూర్చుంది. ఆయన రికాబులోంచి కాలు తీశాడు. టోపీ తీసి రాతగాడి చేతిలో పెట్టాడు. రాతగాడు నోరు తెరిచి చూస్తుంటే, న్యాయశాస్త్రంలో పెద్ద చదువులు చదివిన హోల్వే దొర కూంబ్‌లీ చర్చి వాకిట్లో కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదవులు కదలడం మొదలుపెట్టాయి.

అవి ఇంకా కదులుతూ ఉండగానే ఎగువ సందు మలుపులో రెండో మనిషి కనిపించాడు. పొలం నుంచి దూసుకొస్తున్నాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. ఆగిందని ఊపుతున్నాడో, ఇక ఎవరూ రానక్కర్లేదని ఊపుతున్నాడో అంత దూరం నుంచి విల్మట్‌కు తెలియలేదు. ఆమె కళ్ళెం వదలకుండా, ఆ మనిషి మొహం కనపడేదాకా ఊపిరి బిగబట్టి నిలబడింది.